అరవై ఒకటో అడుగు

మార్చి 2
ఎడమ తొడలో రక్తనాళం పూడిందని రెండుసార్లు బెలూన్ పెట్టి తెరిచారు. రెండుసార్లూ మళ్లీ సన్నబడింది. నిన్న మూడోసారి. ఈసారి ఒంట్లోకి ఏదో మందు ఎక్కించి, సన్నటి తీగ గుండా నాళం లోపలే ఎర్ర లైటు వెలిగించారు. నాళాన్ని పూడ్చే కణాలు ఆ వెలుగుకి చస్తాయట. ఇదీ పనిచేయకపోతే మోకాలి కింద తీసేయాల్సిందేనని డాక్టరమ్మ నీళ్లు నమలకుండా చెప్పేసింది. మందు ఒంట్లోంచి పోయేదాకా, ముప్పై రోజులు, ఎండ తగిలితే చర్మం కాలుతుందంది.

ఇరవై రెండేళ్లు నడిరోడ్డు మీద ఎండలో నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని నేను. నాకా ఈ మాట!

మార్చి 4
కిటికీలకి దుప్పట్లు. జీరో బల్బు. తలుపు కింద సందులో మా ఆవిడ నా యూనిఫాం ప్యాంటు కుక్కింది. ఏనాడూ దాని ఇస్త్రీ నలగనివ్వలేదు.

మార్చి 9
రోజూ నడవమన్నారు. మంచం నుంచి తలుపుకి ఏడడుగులు. ఆపరేషన్‌కి ముందు అరవై అడుగులకే పిక్క పట్టేసేది. ఇప్పుడు యాభై లెక్కపెట్టి కూర్చుంటున్నాను. అరవై ఒకటో అడుగు వెయ్యాలంటే భయం. నొప్పి వస్తే కాలు పోయినట్టే కదా.

మార్చి 13
వీధి చివరే మా జంక్షన్. హారన్లు వింటే చాలు, ఎవడు ఎవడికి అడ్డం పడ్డాడో తెలిసిపోతుంది. నా బదులు వచ్చినవాడికి బొత్తిగా పని రాదు.

మార్చి 14
మా ఆవిడ మీద అరిచాను. తప్పు నాదే.

మార్చి 19, మధ్యాహ్నం 12
చేతులు మండిపోతున్నాయి. పదకొండుకి అంబులెన్స్ సైరన్ వినిపించింది. ఐదు నిమిషాలైనా ఒకే చోటి నుంచి. మా ఆవిడ ఆఫీసులో ఉంది. విజిల్ మేకుకి వేలాడుతోంది. తర్వాత చూసుకుంటే జంక్షన్ మధ్యలో బనీనుతో ఉన్నాను. బస్సుని వెనక్కి కొట్టించి అంబులెన్స్‌ని పంపించాను. అక్కడితో రావచ్చుగా? జామ్ మొత్తం క్లియర్ చేసి గానీ రాలేదు. వెధవ బుద్ధి.

సాయంత్రం 6
ముఖం, చేతులు వాచి బొబ్బలెక్కాయి. డాక్టరమ్మ ఫోన్‌లో చెడామడా తిట్టింది. మా ఆవిడ తిట్టలేదు, తడిగుడ్డ వేస్తూ ఏడ్చింది. ఉన్నట్టుండి ఆగి, అంత దూరం ఎలా నడిచారండీ అని అడిగింది.

రానూ పోనూ ఆరొందల అడుగులు. పిక్క సంగతే గుర్తు రాలేదు.

మార్చి 20
బయట తాళం పెట్టి ఆఫీసుకెళ్లింది. విజిల్ తన హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది. ఇక ఖైదీనే. లోపల వెయ్యి అడుగులు వేశాను. ఏడ్చాను కూడా.

మార్చి 30
ఒళ్లంతా కప్పుకుని స్కాన్‌కి వెళ్లొచ్చాను. నాళం తెరిచే ఉందట. ఆర్నెల్లు ఆగితే గానీ గట్టిగా చెప్పలేరట.

ఏప్రిల్ 1
మా ఆవిడ తలుపు బార్లా తెరిచింది. ఎండ గడప దాటి లోపలికొచ్చింది. తోలు ఊడిన చెయ్యి దానంతటదే లేచి, బండిని ఆపినట్టు దాన్ని ఆపింది. గడప అవతల మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి విజిల్ తీసి, రమ్మన్నట్టు ఊదింది.