పటం చుట్టమన్న సారు

మామా,

నా రాత బాగుండదు, ఒత్తులు తప్పితే ఏమనుకోకు. చదివింది అయిదో తరగతే. నువ్వు కాలం చేసి ఇయ్యాలకు ఏడాది.

పొద్దున కళాకారుల కార్డు కోసం సర్కారు సారు మనింటికి వచ్చిండు. కార్డుంటేనే నీ కొడుకును సర్కారు సభలకు పిలుస్తరు, లేకుంటే మళ్ల మరమగ్గాల పనే. నువ్వు పోయినంక బొమ్మల పటం విప్పి కథ చెప్పుడు ఆయనకు ఇదే మొదలు. నేను తలుపు చాటున నిలబడ్డ.

పాము కరిచి రాజు కొడుకు చచ్చిన బొమ్మ కాడికి రాంగనే సారు గడియారం చూసుకున్నడు.

"చాలు, చుట్టెయ్. ఇంకా నాలుగూర్లు తిరగాలె."

నీ కొడుకు చెయ్యి పటం అంచు మీదికి పోయింది. పరాయి మొగోళ్ల ముందు నేను నోరు తెరవనని నీకు తెలుసు. కానీ ఆగలేకపోయిన.

"సారూ, చచ్చినోడు లేవకముందే పటం చుడితే ఆ చావు ఇంట్లకొస్తది."

"ఎంతసేపట్ల లేస్తడమ్మా?"

"నడుమ మీరు మాట్లాడకుంటే జల్ది లేస్తడు" అన్నడు నీ కొడుకు, అంచు మీది చెయ్యి తీసి.

సారు నవ్వలే. కార్డు కాయితాలు రాయకుండనే సంచిల పెట్టుకొని బండెక్కి పోయిండు.

ఈయన ఖాళీ కుర్చీకే మిగిలిన కథ చెప్పిండు. రాజు కొడుకు లేచి కూసున్నంకనే పటం చుట్టిండు.

సారు ఫోనొస్తే పోయిండని, అప్పుడు ఇంట్ల లేని అత్తమ్మతోని అబద్ధమాడినం. ఆమె ఇంకా కార్డు కోసం చూస్తున్నది. ఈ ఉత్తరం ఎవరికి దొరికినా ఆమెకు చదివి వినిపియ్యకుండ్రి, పొయ్యిల వెయ్యుండ్రి.

నీ కోడలు