సబ్బు పూసిన స్టాంపులు

ఓస్త్రవ
9 మార్చి 1986

ప్రియమైన వ్లాస్తా గారికి,

మీ ఉత్తరం అందింది. క్యాసెట్ పెట్టెలో నేను మడిచి పెట్టిన చీటీ ఎన్ని చేతులు మారి హ్రానిత్సె చేరిందో తెలియదు. "నచ్చితే ఈ అడ్రసుకి రాయండి" అన్న ముక్కను నమ్మి రాసిన అమ్మాయి మాత్రం మీరొక్కరే. ఎవడో మీసాలవాడు ఆడపేరు పెట్టుకుని రాశాడని మా డ్రమ్మర్ ఓల్డా పందెం కట్టాడు. మీసాలుంటే ముందే చెప్పేయండి, నాకేం అభ్యంతరం లేదు.

పగలంతా ఉక్కు ఫ్యాక్టరీకి బొగ్గు కాల్చే కోక్ బట్టీల దగ్గర పని నాది. మిగతా టైమంతా ఎక్కడ కొత్త మెటల్ బ్యాండు పుట్టిందా అని చెవులు రిక్కించుకుని తిరుగుతాను. దొరికినవాళ్ళ పేర్లు, వాళ్ళ టేపులు, ఎక్కడ వాయిస్తున్నారో ఆ వివరాలు టైపు మిషన్‌లో కార్బన్లు పెట్టి ఆరు కాపీలు కొడతాను. ఆరో కాపీ చదవగలిగినవాడికి నా దండం.

ఈసారి పంపేది మా ఓస్త్రవ కుర్రాళ్ళ టేపు, డ్రమ్ములు ఓల్డావే. బ్యాండు పేరు 'చిట్టెం'. ఇనుము కరిగాక పైన తేలే మష్టు ఉంటుందే, అదే. పేరు నేనే పెట్టాను. ఇది మూడో చేతి కాపీ, గొంతు వెనక వాన కురుస్తున్నట్టు గరగర వస్తుంది. అది వాన కాదు.

మాలో ఒక నియమం ఉంది. స్టాంపుల మీద సబ్బు పూసి ఆరబెట్టాను. పోస్టాఫీసు ముద్ర సబ్బు మీదే పడుతుంది. గోరువెచ్చని నీళ్ళలో నానేస్తే ముద్ర పోయి స్టాంపు కొత్తదవుతుంది. వాటిని తిప్పి పంపండి. మీరూ అలాగే పూయండి.

మీ
రాదిమ్

హ్రానిత్సె
2 ఏప్రిల్ 1986

ప్రియమైన రాదిమ్,

మీసాలు లేవు. ఓల్డా ఓడిపోయాడు. ఇక 'గారు', 'మీరు' వద్దు. నాకు ఇరవై ఏళ్ళే, ఆ పిలుపు వింటే మా ఫోర్‌మన్ గుర్తొస్తాడు.

నేను చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడతాను. ఎవరి చొక్కాలనుకున్నావు? పోలీసులవి. నేను కుట్టిన కాలరు వేసుకుని ఎవడో ఒకరోజు నా కాలరే పట్టుకుంటాడని మా అమ్మాయిలు ఏడిపిస్తారు.

చిట్టెం టేపు పదకొండుసార్లు విన్నాను, దిండు కింద స్పీకరు పెట్టుకుని. గిటార్ వినబడితే అమ్మకు గుండె దడ. నాన్న శాక్సఫోన్ వాయించేవాడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలోనే పోయాడని చెబుతారు. ఆ శాక్సఫోన్ పెట్టె అటక మీద ఉంది. తాకనివ్వదు.

నీ ఆరు కాపీల పత్రికకు నేనూ ఒక బ్యాండును పట్టుకొచ్చాను. మా ఫ్యాక్టరీ వెనక షెడ్డులో ముగ్గురు కుర్రాళ్ళు వాయిస్తున్నారు. వాళ్ళకింకా పేరు లేదు. డ్రమ్ముల బదులు రంగు డబ్బాలు. రెండో పాటలో ఒక్క అర నిమిషం ఉంది, అది వింటే నువ్వు బట్టీ వదిలేసి రైలెక్కి వస్తావు. టేపు జతచేశాను. స్టాంపులు కూడా, శుభ్రంగా కడిగి.

నీ
వ్లాస్తా

ఓస్త్రవ
4 మే 1986

ప్రియమైన వ్లాస్తా,

ఆ అర నిమిషం విన్నాను. ఓల్డాని కూర్చోబెట్టి వినిపించాను. "రంగు డబ్బాలతోనా" అని లేచి వెళ్ళిపోయాడు. కుళ్ళు.

నీకొక పని. ఓల్డాని జూలైలో మిలిటరీకి రమ్మన్నారు. రెండేళ్ళు. ఈలోగా చిట్టెం ఒక్కసారి జనం ముందు వాయించాలి, నేను దాన్ని మంచి మిషన్ మీద రికార్డు చేయాలి. అదే వాళ్ళ మొదటి విడుదల. లేదంటే చేతిలో ఈ గరగరే మిగులుతుంది. ఇలాంటి జుట్టుకి, ఇలాంటి పాటలకి సర్కారులో పర్మిషన్ ఎవడూ ఇవ్వడు, అది లేకుండా వాయిస్తే జైలే. పెళ్ళికి మాత్రం పర్మిషన్ అక్కర్లేదు కదా.

జూన్ 14, శనివారం, మధ్యాహ్నం నాలుగు గంటలకి మీ పక్కనే యావొర్నిక్ ఊళ్ళో ఫైర్ స్టేషన్ హాలు పెళ్ళికని మాట్లాడాను. అరవై మందికి నోటిమాటగా చెప్పాం. జాకెట్లకు గుచ్చుకోవడానికి రోజ్‌మేరీ రెమ్మలు, తెల్ల రిబ్బన్లు, మా మావయ్య ప్లమ్ పళ్ళ సారా, అన్నీ సిద్ధం. పెళ్ళికొడుకుని నేను. పెళ్ళికూతురే లేదు. నీకు కుట్టుపని వచ్చు, తెల్ల గౌను ఒక లెక్కా? సాయంత్రం దాకా నా పెళ్ళానివి, ఆ తర్వాత నీ దారి నీది.

నీ
రాదిమ్

హ్రానిత్సె
19 మే 1986

ప్రియమైన కాబోయే మొగుడికి,

ముఖం చూడకుండా పెళ్ళికి ఒప్పుకున్న పిచ్చిది ఈ జిల్లాలో నేనొక్కదాన్నే. కిటికీ తెరలతో గౌను కుడుతున్నాను. దగ్గరగా చూడొద్దు, అంచున పువ్వులు కనిపిస్తాయి.

భయం లేదని అబద్ధం చెప్పను. నిరుడు ఇలాగే వాయించిన ఒక కుర్రాడిని ఎనిమిది నెలలు లోపలేశారని షెడ్డులో వాళ్ళు చెప్పారు. అయినా వస్తాను. ఒకరి మూడో చేతి కాపీ వినీ వినీ విసుగొచ్చింది. ఒక్కసారైనా మొదటి చేతిది వినాలి.

ఇంకో మాట. సబ్బు మార్చావా? ఈసారి నీ స్టాంపుల మీద అది తెల్లగా పొంగి, కవరుకి కారి, పొక్కులుగా ఎండిపోయింది. ఒకటి చిరిగింది. చవక సబ్బు కొన్నావేమో, కక్కుర్తి మొగుడా.

నీ
వ్లాస్తా

ఓస్త్రవ
28 మే 1986

వ్లాస్తా,

దీన్ని పోస్టులో వేయడం లేదు. ఓల్డా మీ ఫ్యాక్టరీ గేటు దగ్గర నీ చేతికే ఇస్తాడు. చదివి కాల్చెయ్.

నేను సబ్బు మార్చలేదు. నీ ఉత్తరం చదవగానే ఒక స్టాంపు మీద సబ్బు పూసి, ఉడుకుతున్న కెటిల్ మీద పట్టి చూశాను. నువ్వు రాసినట్టే పొంగింది, కారింది, పొక్కులు కట్టింది. ఎవరో నా ఉత్తరాన్ని ఆవిరి మీద పెట్టి విప్పి, చదివి, మళ్ళీ అంటించారు. అందులో ఊరి పేరుంది, తేదీ ఉంది, టైముంది. నా అంతటి వెధవ ఓస్త్రవలో లేడు.

నాలుగు రోజులుగా బట్టీలో ఎవరు వెనక నిలబడినా తిరిగి తిరిగి చూస్తున్నాను. టైపు మిషన్‌ని బొగ్గు గోతిలో పూడ్చాను.

అడగకూడని మాట అడుగుతున్నాను. నీ ఉత్తరాలు నాకు శుభ్రంగానే వస్తున్నాయి. విప్పుతున్నది నావే, అదీ నీ దగ్గరికి వచ్చేవే. నిన్ను నేను చూడలేదు. నువ్వు పోలీసుల చొక్కాలు కుడతావు. వ్లాస్తా, నువ్వెవరు?

రాదిమ్

హ్రానిత్సె
3 జూన్ 1986

రాదిమ్,

నా ఉత్తరాలు శుభ్రంగా వస్తాయన్నావుగా, అందుకే పోస్టులోనే వేస్తున్నాను.

రెండు రోజులు ఏడ్చాను. తర్వాత కోపమొచ్చింది. ఆ కోపం చల్లారాక భయమే మిగిలింది. నేను పోలీసు మనిషినైతే నీ సబ్బు పొంగిందని నీకే ఎందుకు రాస్తాను? ఆ బుర్ర లేకపోయిందా నీకు?

ఇప్పుడు ఇంట్లో కూర్చున్నా గోడలు వింటున్నట్టుంది. పోస్ట్‌మన్ నవ్వితే ఎందుకు నవ్వాడా అనుకుంటున్నాను. నిన్న ఫోర్‌మన్ పిలిస్తే నా పని అయిపోయిందనుకున్నాను, తీరా చూస్తే గుండీల గురించి. పెట్టెలోంచి ఉత్తరాలు తీసి బల్ల మీద పెట్టేది అమ్మ, ఆమెకి చెబితే గుండె ఆగిపోతుంది. స్కూలు వంటగదిలో పనిచేసి వచ్చి నిన్న ఇంకో నాలుగు కిలోల గసగసాలు మోసుకొచ్చింది, పిల్లలకి ఏదో చేయాలట.

ఆపెయ్ రాదిమ్. ఓల్డా తిరిగొచ్చాక వాయించవచ్చు.

వ్లాస్తా

ఓస్త్రవ
8 జూన్ 1986

ప్రియమైన వ్లాస్తా,

తప్పు నాది. ఇంకెప్పుడూ ఆ మాట అనను.

ఆపలేను. అరవై మందికి నోటిమాటగా వెళ్ళింది, ఎవరెవరికి చేరిందో నాకే తెలియదు. నేను వెళ్ళకపోయినా వాళ్ళు వస్తారు, గుమ్మంలో దొరికిపోతారు. కాబట్టి నేను వెళ్ళాలి. నువ్వు రావద్దు. పెళ్ళికూతురు అలిగి రాలేదని చెబుతాను.

ఇదీ ఓల్డా చేతే పంపుతున్నాను. వాడూ భయపడుతున్నాడు. భయమేస్తే వాడికి ఆకలి, పోయినసారి మీ ఊరి దారిలోనే డజను ఉడికిన గుడ్లు తిన్నాడంటే నమ్ము.

రాదిమ్

ఓస్త్రవ
16 జూన్ 1986

ప్రియమైన వ్లాస్తా,

బతికే ఉన్నావా? బయటే ఉన్నావా? ఒక్క ముక్క రాయి.

నువ్వు వచ్చావు. అంచున పువ్వులున్న గౌనులో గుమ్మంలో నిలబడి, "అలిగింది నేనా, నువ్వా?" అన్నావు. నాలుగో పాట మధ్యలో తలుపు బాదారు. ఎవరో నన్నూ రికార్డింగ్ మిషన్‌నీ కలిపి వెనక కిటికీలోంచి తోసేశారు. నేను పరిగెత్తాను. ఆవాల చేలో పడి, లేచి, మళ్ళీ పరిగెత్తాను. నిన్ను అక్కడ వదిలేసి పరిగెత్తాను, అదే నిజం.

టేపు నా దగ్గరే ఉంది. నాలుగో పాటలో తలుపు చప్పుడు మూడుసార్లు స్పష్టంగా పడింది, అక్కడితో అయిపోయింది. రెండు రోజులుగా అదే వింటున్నాను, నిద్ర లేదు. ఓల్డా ఇంకా ఇంటికి రాలేదు. ఈ ఉత్తరం ఎవరు విప్పి చదివినా ఫరవాలేదు. చదివినవాళ్ళు, ఆ అమ్మాయి తప్పేమీ లేదని తెలుసుకోవాలి.

రాదిమ్

హ్రానిత్సె
19 జూన్ 1986

ప్రియమైన రాదిమ్,

బతికే ఉన్నాను, బయటే ఉన్నాను. ఓల్డా మా వంటింట్లో నాలుగు రోజులుండి తిన్నాడు, నిన్నే రైలెక్కాడు. ఇప్పుడు ఊపిరి పీల్చుకుని చదువు.

నువ్వు కిటికీ దాటగానే, పాటల హోరు విని వచ్చిన ఇద్దరు పోలీసులు లోపలికొచ్చారు. పెద్దాయన రోజ్‌మేరీ రెమ్మలు చూశాడు, సారా చూశాడు, నా గౌను చూశాడు. బల్లల వైపు తిరిగి, "పెళ్ళి అంటున్నారు. కొలాచెలు ఏవి?" అన్నాడు.

రాదిమ్, మనం అన్నీ తెచ్చాం. పెళ్ళన్నాక వారం ముందే వీధివీధికీ పంచే కొలాచెలు ఒక్కటంటే ఒక్కటి లేవు. మన అరవై మందిలో ఒక్కరికీ తట్టలేదు. గసగసాల ముద్దా జామూ పెట్టి కాల్చిన చిన్న రొట్టె లేని పెళ్ళి ఈ నేల మీద ఎక్కడైనా ఉందా? ఆయన మెడ మీద కాలరు చూస్తూ నిలబడ్డాను. కుట్టు నాదే.

అప్పుడు వెనక నుంచి, "దారివ్వండర్రా, వేడిగా ఉన్నాయి" అని వినిపించింది. మా అమ్మ. ఆదివారం చర్చికి వేసుకునే బట్టల్లో, చేతుల్లో పెద్ద పళ్ళెం. వెనకాల ఊరి ఆడవాళ్ళు ఇద్దరు, ఇంకో రెండు పళ్ళేలతో.

"మా అమ్మాయి పెళ్ళికి పిలవకుండానే వచ్చావు, సంతోషం బాబూ. చేతులు కడుక్కుని తీసుకో" అంది అమ్మ.

ఆయన వెంటనే లొంగలేదు. "పెళ్ళికొడుకేడీ?" అన్నాడు.

"పెరట్లో కక్కుతున్నాడు. నీ పెళ్ళిలో నువ్వు కక్కలేదా?"

చిన్న పోలీసు కిసుక్కున నవ్వాడు. పెద్దాయన పళ్ళెం పట్టుకున్న ఊరి ఆవిడని అడిగితే, "గురువారమే ఈవిడ ఇంటింటికీ పంచి వెళ్ళిందండీ, కాస్త చప్పుడవుతుంది, ఏమనుకోకండి అని కూడా చెప్పింది" అంది. ఆయన ఆరు తిన్నాడు. ఒక పోల్కా వాయించమన్నాడు. ఓల్డా వాయించాడు రాదిమ్. ఇంటికి పట్టుకెళ్ళడానికి పొట్లం కట్టించుకుని వెళ్ళారు. ఆ తర్వాత చిట్టెం ఇంకో ఐదు పాటలు వాయించింది. అమ్మ మొదటి వరసలో, చెవుల్లో దూది పెట్టుకుని.

నీ ఉత్తరం విప్పింది అమ్మే. కుడుములు ఉడికే గిన్నె మీద పట్టిందట. ఇంటికొచ్చాక బల్ల దగ్గర కూర్చోబెట్టి చెప్పింది. నాన్న ఆసుపత్రిలో పోలేదు. డెబ్భై నాలుగులో ఇలాగే దొంగ పెళ్ళి పెట్టి శాక్సఫోన్ వాయించాడు. కొలాచెలు చేసిపెట్టమని అమ్మని అడిగాడట. "దొంగ పెళ్ళికి నేను పిండి కలపను" అని అమ్మ పోట్లాడింది. తలుపు దగ్గర పోలీసు అడిగిన మొదటి మాట, కొలాచెలు ఏవి అనే. నాన్నకి పది నెలల జైలు, అక్కడే ఊపిరితిత్తులు పోయాయి. పన్నెండేళ్ళుగా నాకు అబద్ధం చెప్పింది. నీ ఉత్తరంలో 'అన్నీ సిద్ధం' అన్న జాబితా చదివి, కొలాచెలు లేవని చూసి, ఆ రాత్రి నిద్రపోలేదట.

నేను ఇంకా ఆమె మీద కోపంగానే ఉన్నాను. ఆమె చేయి మాత్రం వదల్లేదు.

మిగతా ఖాళీలో ఆమే రాస్తానంది.

నీ
వ్లాస్తా

బాబూ రాదిమ్,

ఈ ఉత్తరం దొంగతనంగా చదవలేదు, అమ్మాయే ఇచ్చింది. నీ స్టాంపులు పాడుచేశాను, కొత్తవి నాలుగు పెట్టాను. మా ఆయన వాయించింది ఎవరూ టేపు చేయలేదు. ఎలా వాయించేవాడో నాకు కూడా సరిగా గుర్తు లేదు. మీ టేపు ఒకటి నాకు పంపు, మొదటి చేతిది. తలుపు చప్పుడు చెరపకు.

ఇంకోసారి పెళ్ళి పెట్టుకుంటే, అది దొంగదైనా, నిజమైనదైనా, నాకు నాలుగు రోజుల ముందు చెప్పు. పిండి పొంగాలి.

బొహుమిల