గోడమీద లేని మాట

నవంబరు 4. పొద్దుట్నుంచి ముసురు. పెద్దాయన దుప్పట్లు ఉతికి వంటింట్లోనే ఆరేశాను.

మా ఇంటి గయ్యాళికి,

పైన పద్దు చూసి నవ్వుతావని తెలుసు. చేసిన పని రాసుకోకపోతే నాకు రోజు గడిచినట్టుండదు. టికెట్ వచ్చింది. పద్దెనిమిదిన బయల్దేరతాను. ఇంతటితో కవరు మూసేస్తే "ఇన్నేళ్ళు పరాయి దేశంలో ఉండి మోసుకొచ్చింది రెండు ముక్కలేనా?" అంటావు. ఫోన్లో నాకు నోరు పెగలదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఈ దేశం నాకేమిచ్చిందని ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగింది పెద్దాయన గురించే. ఆయన్ని చూసుకోవడానికే నన్ను పెట్టుకున్నారు. వచ్చిన వారంలోనే నేను జ్వరంతో పడ్డాను. ఆయన కర్ర ఊతంగా వంటింట్లోకి నడిచి, జావలాంటిదేదో కాచి తెచ్చారు. గిన్నె చూపించి వాళ్ళ భాషలో పేరు చెప్పారు. నేను మన భాషలో చెప్పాను. ఆ రోజునుంచీ మాకదే ఆట. చెంచా, దిండు, కిటికీ. ఏ బడికీ వెళ్ళకుండా ఆయన భాష నాకలా వచ్చింది. మన మాటలు కొన్ని ఆయనకి పట్టుబడ్డాయి.

బజారుకెళ్ళేటప్పుడు మన అలవాటుకొద్దీ "వెళ్ళొస్తా" అన్నదాన్ని వాళ్ళ భాషలోకి తిప్పి చెప్పేవాణ్ణి. వాళ్ళు అలా అనరు. ఆయన పకపకా నవ్వేవారు.

"వస్తావని నాకు తెలీదా? అది కూడా చెప్పాలా?"

"మాలో ఉత్తినే వెళ్తానని అనరు పెద్దాయనా. అలా అంటే ఇక రాడని."

ఆ మాట ఆయనకెంత నచ్చిందంటే, స్నానాలగదిలోకి పోతూ కూడా "వెళ్ళొస్తా" అనేవారు.

రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది. దానితోపాటు ఆయన భాష కూడా ఆయన్ని వదిలేసింది. వింటే అర్థమవుతుంది, పలకలేరు. నేను నేర్పిన మాటలు నాలుగే మిగిలాయి. నీళ్ళు, చాలు, నొప్పి, వెళ్ళొస్తా. ఇలా జరుగుతుందని డాక్టరు చెప్పాడు కానీ ఆయన కూతురికి అది మింగుడుపడలేదు. ఆవిణ్ణి నేను అక్కా అనే పిలుస్తాను. "మా నాన్నని నాకు కాకుండా చేశావు కదయ్యా" అంది. నవ్వుతూనే అంది కానీ ఆ పూట తిండి ముట్టలేదు. కన్నతండ్రి ఏమంటున్నాడో తెలుసుకోవాలంటే ఆవిడ నన్ను పిలవాలి.

నేను వచ్చేస్తున్న సంగతి ఆయనకింకా చెప్పలేదు. "చెప్పకు తమ్ముడూ. రోజూ అన్నట్టే వెళ్ళొస్తానని వెళ్ళిపో" అంటోంది అక్క. నేను గడప దాటేటప్పుడు నీకూ అదే చెప్పాను. ఇన్నాళ్ళూ నువ్వు ఆ మాట పట్టుకునే కూర్చున్నావు. నీ దగ్గర నిజం చేస్తున్న మాటని ఆయన దగ్గర అబద్ధం ఎలా చెయ్యను?

నీ మూగమొద్దు


నవంబరు 12. చలిగాలి. కిటికీ సందుల్లో గుడ్డపీలికలు కుక్కాను.

గయ్యాళమ్మా,

"చెప్పి రండి. చెప్పకుండా వస్తే మనిషిక్కడా మనసక్కడా. అలాంటి మనిషి నాకెందుకు?" అని ఫోను పెట్టేశావు. నిజమే. అయినా ఇంకా చెప్పలేదు.

అక్క నిన్న ఒక అట్టముక్క తెచ్చింది. "ఆయన మాటలు రాసిచ్చి వెళ్ళు. నువ్వెళ్ళాక నాకు దిక్కెవరు?" అంది. మన మాటల్ని వాళ్ళ అక్షరాల్లో పెద్దగా రాసి, ఎదురుగా ఏం చెయ్యాలో రాశాను. నొప్పి అంటే ఎడమవైపుకి తిప్పాలి. చాలు అంటే నిజంగా చాలని కాదు, ఇంకో రెండు చెంచాలు పెట్టచ్చు. వెళ్ళొస్తా దగ్గర చాలాసేపు ఆగిపోయాను. చివరికి, నిద్రపోయేముందు అంటారు, "సరే, త్వరగా రా" అని బదులివ్వాలి అని రాశాను.

అక్క పలకడం మొదలుపెట్టింది. "నిల్లు."

"నీళ్ళు అక్కా. నువ్వలా అంటే ఆయనకి దాహం తీరదు."

పెద్దాయన సగం మూతితో నవ్వారు. ఎడమచెయ్యెత్తి, "నీళ్ళు" అని కూతురికి తనే నేర్పారు. తండ్రీకూతుళ్ళు నా అవసరం లేకుండా మాట్లాడుకోవడం రెండేళ్ళలో అదే మొదలు. నేను వంటింట్లోకి వచ్చేశాను. తిరిగి వెళ్ళేసరికి ఆయన నవ్వడం లేదు. అక్క గోడకి తగిలించిన అట్టవంక చూస్తున్నారు. ఆ అట్ట ఎందుకు వచ్చిందో ఆలోచిస్తున్నట్టు చూస్తున్నారు.

నీ మూగమొద్దు


నవంబరు 17. ముసురు విడిచింది. ఎండ. ఆయన గదిలో కిటికీ పీలికలు తీసేశాను.

నీకు,

నిన్న గడ్డం గీద్దామని కూర్చోబెట్టి చెప్పాను. "పెద్దాయనా, నేను మా ఇంటికి పోతున్నాను. మళ్ళీ రాను." వాళ్ళ భాషలో అంత కష్టమైన వాక్యం నేనెప్పుడూ పలకలేదు. ఆయన నన్ను చూసి, గోడమీది అట్టని చూసి, "వెళ్తా" అన్నారు.

"వెళ్ళేది నేను. అయినా వెళ్ళొస్తా అనాలి కదా" అన్నాను.

తల అడ్డంగా ఊపారు. "వెళ్తా."

అక్క అట్టంతా వెతికింది. "ఇది ఇందులో లేదే. ఏమంటున్నారు?"

"నాలుక తిరగలేదక్కా" అన్నాను. కత్తి దగ్గరికి తీసుకెళ్తే ఎడమచేత్తో పక్కకి తోసి "చాలు" అన్నారు. అది నిజంగా చాలే.

పొద్దున పాలు పట్టుకెళ్ళేసరికి ఒళ్ళు చల్లబడి ఉంది.

అక్క ఏడ్చి ఏడ్చి, "నిన్నటి మాటేంటో ఇప్పుడైనా చెప్పు" అంది. చెప్పాను. అట్ట గోడమీంచి తీసి ఇచ్చి, అడుగున రాయమంది. రాశాను. ఎదురుగా ఏం రాయమంటావని అడిగితే, "వద్దులే. తెలిసిపోయింది" అంది.

నాకో భాష ఇచ్చిన మనిషి నా భాషలో చెప్పి వెళ్ళిపోయారు. ఈ దేశంలో నాకు దక్కినదాంట్లో ఇంతకన్నా పెద్దది లేదు. ఇది నీకు ఎలా పంచిపెట్టాలో తెలియడం లేదు.

టికెట్ మూడు రోజులు వాయిదా వేయించాను. నలుగురిలో ఒకడిగా నేనూ మొయ్యాలి. కోప్పడకు. వస్తాను.

ఆయన్ని తీసుకెళ్ళేవాళ్ళు మధ్యాహ్నం వస్తారట. పక్క మార్చాను. ఒళ్ళు తుడిచాను. అక్క చేత తల దువ్వించాను. నీళ్ళు కాగాయి, సబ్బు నురగ కలిపాను. నిన్నటి గడ్డం ఇంకా గియ్యాలి.