చప్పిడి పళ్ళెం

ప్రియమైన పొట్టికి,

అక్షరాలు వంకర్లు పోతున్నాయని నవ్వకు. చెయ్యి వణుకుతోంది. ఫోనులో చెబుదామంటే మాట మీద మాట తోసుకొచ్చి, ఆఖరికి నీతో పోట్లాడి పెట్టేస్తున్నాను. కాగితం మీదైతే నువ్వు అడ్డం రాలేవు.

డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి జబ్బు పేరు చెప్పింది. గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి అవసరానికి మించి పని చేస్తోందట. "ఈ ఇంట్లో నాతోపాటు ఇంకొకటి కూడా ఒళ్ళొంచి పని చేస్తోందన్నమాట" అంటే మీ బావ నవ్వలేదు. పాపం, ఆయనకీ విసుగొచ్చింది. పగలంతా బస్సు నడిపి వచ్చి నడుం వాలుస్తాడా, నాకేమో ఒకటే ఉక్క, చలిలో కూడా కిటికీలు బార్లా తెరుస్తాను. ఊరికే కూర్చున్నా గుండె దడదడలాడుతుంది. కడుపు నిండా తిన్నా కాసేపటికే ఆకలి. అయినా బట్టలన్నీ వదులైపోయాయి. కుట్టుపనిదాన్ని అయ్యుండి నా బట్టలు నేను బిగించుకునే ఓపిక లేదు.

మాత్రలు రాసిచ్చింది. తిండి గురించి ఇంకా గట్టిగా చెప్పింది. అయోడిన్ ఆ గ్రంథికి మేతట. అందుకని అయోడిన్ కలిపిన ఉప్పు వద్దు, చేపలు వద్దు, గుండె దడ కాబట్టి కాఫీ కూడా వద్దు. కాబేజీ, బంగాళదుంప, ఓట్సు, గుడ్డులో తెల్లసొన తినాలి, కొంచెం కొంచెంగా చాలాసార్లు తినాలి. అయోడిన్ లేని ఉప్పు మా వీధి కొట్లలో దొరకలేదు. వెతకడానికి కాళ్ళు రాక ఉప్పే మానేశాను. మాత్ర పని మాత్రది, తిండి పని తిండిది, రెండూ కుదిరితేనే దారికొస్తుందంది. వచ్చే పరీక్షకి అంకెలు దిగకపోతే ఆపరేషన్ చేసి ఆ గ్రంథి తీసేస్తారట.

మా ఓనరు సంగతి నీకు తెలుసు. ఆ షాపులో కోట్లకి కాజాలు చేత్తోనే కుట్టాలి, ఆ కుర్చీ నాది. నిన్న సూదిలోకి దారం ఎక్కక పక్కమ్మాయిని బతిమాలుకున్నాను. ఓనరు చూశాడు. అదే నాకు భయం. సీజను మొదలయ్యేలోగా నా చెయ్యి నిలబడకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ఆ పని తప్ప నాకేం వచ్చు చెప్పు.

ఉసూరుమంటూ,
నీ అక్క

* * *

ప్రియమైన అక్కకి,

అంటే ఇన్నాళ్ళూ నీ ముక్కు మీది కోపానికి కారణం గొంతులో ఉందన్నమాట. చిన్నప్పుడు చీపురు పట్టుకుని నన్ను ఇల్లంతా తరిమినప్పుడు కూడా అదేనా? అమ్మ పోయాక నువ్వే పెంచావు కాబట్టి ఊరుకుంటున్నాను, లేకపోతే ఆ డాక్టరమ్మకి నీ మీద పెద్ద చిట్టా పంపేదాన్ని.

నిన్ను నవ్వించాలని రాశాను కానీ, ఆ అక్షరాలు చూసి అప్పటికప్పుడు సెలవు అడిగాను. వెంటనే బయల్దేరి రావాలనుంది. మా మేస్త్రీ ససేమిరా అన్నాడు. ఇప్పుడు సముద్రపు నాచు కోతల కాలం, మా యార్డులో దాన్ని ఆరబెడతాం. పొద్దున్నే తడినాచు లారీల్లో వస్తుంది, వలల మీద పరచాలి, ఎండ తిరిగేసరికి తిరగెయ్యాలి, మబ్బు పడితే పరిగెత్తి ఎత్తాలి. సముద్రపు గాలికి అందరూ స్వెట్టర్లు వేసుకుంటే నేను చేతులు పైకి మడుచుకుని చెమటలు కక్కుతున్నాను. పని అలా ఉంది. చిక్కిపోయి ప్యాంటు నిలవడం లేదని నడుముకి వలతాడు కట్టుకుంటే, నన్ను కూడా ఆరేస్తానని మేస్త్రీ ఎగతాళి.

నేను రాలేకపోయినా నా చేతిది నీకు పంపుతున్నాను. ఈ పొట్లంలో ఉన్నది మా యార్డు నాచు పొడి. ఇక్కడ దీన్ని సూపులో, గుడ్డు మీద, దేనిలో పడితే దానిలో చల్లుకుంటారు. ఎముకలకి బలమట. నేను మూడు పూటలా తింటాను. చేప కాదు, మాంసం కాదు, ఆకే. పైగా ఉప్పు ఉప్పగా ఉంటుంది, నీ చప్పిడి తిండికి దేవుడు పంపినట్టు. నాకు జ్వరం వచ్చినప్పుడు నోరు తెరిపించి గరిటెతో గంజి పోసేదానివి గుర్తుందా. ఇప్పుడు నా వంతు. మాట్లాడకుండా తిను.

నిన్ను చూడాలని కొట్టుకుపోతున్న
నీ పొట్టి

* * *

ప్రియమైన పొట్టికి,

పొట్లం అందింది. నీ పుణ్యమా అని అన్నం సహించింది. ఉప్పు లేని ఉడికించిన కాబేజీ ఎదురుగా పెట్టుకుని కూర్చుంటే నోరు తెరవబుద్ధి కాదు. దాని మీద నీ పొడి చల్లుకుంటే నాలిక లేచి కూర్చుంటుంది. ఓట్సు మీద కూడా వేస్తున్నాను, మీ బావ చూసి మొహం తిప్పుకుంటాడు. అయిపోవచ్చింది, ఇంకొకటి పంపు.

ఇక మిగతా కబుర్లేవీ బాగాలేవు. పరీక్ష చేయించాను. దిగాల్సిన అంకెలు పైకెక్కి కూర్చున్నాయి. డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి నన్ను దొంగని చూసినట్టు చూసింది. "మాత్రలు వేసుకుంటున్నారా, నిజం చెప్పండి" అంది. వేసుకుంటున్నానన్నాను. "బయట ఏమైనా తింటున్నారా?" అంది. బయట తిండి మొహం చూసి ఎన్నాళ్ళయిందో అన్నాను. నమ్మలేదు. మీ బావ కూడా నమ్మలేదు పొట్టీ, అదే మంటెత్తింది. దారిలో, "చాటుగా చేపలేమైనా తిన్నావేమో ఆలోచించుకో" అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. నడివీధిలో అరిచేశాను. ఇంటికొచ్చి ఆయనే కాబేజీ తరిగి పెట్టాడు, నేను క్షమించమని అడగడానికి కూడా ఓపిక లేక పడుకున్నాను.

ఇంత నోరు కట్టుకుని ఏం సాధించాను? కాఫీ లేదు, చేప లేదు, ఉప్పు లేదు. కాళ్ళు పీకుతున్నాయి, మేడ మెట్లెక్కితే తొడలు వణుకుతున్నాయి. ఆపరేషన్‌కి తేదీ ఇస్తామన్నారు. షాపులో నన్ను కాజాల దగ్గర్నుంచి తీసి ఇస్త్రీ బల్ల దగ్గర నిలబెట్టారు. ఒంట్లో నిప్పులు పోసుకున్నట్టుండే మనిషికి ఇస్త్రీ పని. ఓనరు మంచివాడే, "కొన్నాళ్ళేనమ్మా" అన్నాడు. నా ఖాళీ కుర్చీలో ఎవరూ కూర్చోకుండా కొలతల టేపు పెట్టి ఉంచాడు, అదింకా తియ్యలేదు.

నీ పొడి మర్చిపోకు. రోజు మొత్తంలో నాకున్న రుచి అదొక్కటే.

అలసిపోయిన
నీ అక్క

* * *

అక్కా,

ఆ పొడి తినకు. ఇంట్లో ఎంత ఉంటే అంత పారబొయ్యి. ముందు ఆ పని చేసి వచ్చి మిగతాది చదువు.

యార్డుకి ఏడాదికోసారి నర్సు వస్తుంది, వరసలో నిలబెట్టి అందర్నీ చూస్తుంది. నా వంతు వచ్చినప్పుడు గొప్పలు పోయాను. మా అక్కకి థైరాయిడ్ ఎక్కువైంది, నేనే మన నాచు పొడి పంపి నిలబెడుతున్నాను అన్నాను. ఆవిడ రాస్తున్నది ఆపేసింది. "ఎంత పంపావు?" అని అడిగింది. చెప్పాను. సముద్రంలో ఉన్న అయోడిన్ అంతా ఈ నాచే పీల్చి దాచుకుంటుందట. చేపలో ఉండేది దీని ముందు లెక్కలోకి రాదట. నువ్వు ఏ మేత మాన్పించాలని ఉప్పు కూడా మానేశావో, నేను అదే మేతని పొట్లాలు కట్టి పోస్టులో పంపాను.

ఇన్నేళ్ళుగా పొద్దున లేస్తే దాన్లోనే కాళ్ళూ చేతులూ పెట్టి బతుకుతున్నాను, దాని సంగతి నాకే తెలియలేదు. ఆకు కదా అనుకున్నాను. నీ కొంప ముంచింది నేనే. బావ నిన్ను అనుమానించింది నా వల్ల, డాక్టరమ్మ దొంగలా చూసింది నా వల్ల. ఆ కుర్చీ పోతే అదీ నా వల్లే. తిట్టు అక్కా, బాగా తిట్టు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి ఈ ఉత్తరం చూపించు. కత్తి పెట్టకముందే చూపించు.

నర్సు ఇంకా ఏదో చెప్పింది. అది తర్వాత రాస్తాను.

నీ పొట్టి

* * *

ప్రియమైన పొట్టికి,

పొడి పారబొయ్యమన్న నీ ఉత్తరం అందాక నీకు రాస్తున్న రెండో ఉత్తరం ఇది. మొదటిదానికి జవాబు లేదు. అలిగావా, ఏడుస్తూ కూర్చున్నావా? ఏడవకు. నిన్ను తిట్టడానికి బయల్దేరిన నోరు, నీ ఉత్తరం చివరిదాకా చదివేసరికి నవ్వింది. మనిద్దరం కలిస్తే ఏ పనీ సరిగ్గా చెయ్యమని అమ్మ అనేది కదా. అక్క ఉప్పు మానేస్తే చెల్లి సముద్రాన్నే పంపింది.

డాక్టరమ్మకి చూపించాను. ముందు తల పట్టుకుంది, తర్వాత నన్ను అనుమానించినందుకు నొచ్చుకుంది. "ఏం తింటున్నారని అడిగితే ఇది ఎందుకు చెప్పలేదు?" అంది. బయట తిండా అని అడిగారు, ఇది మా చెల్లి పంపింది కదా, బయటిదెలా అవుతుంది అన్నాను. ఆపరేషన్ వాయిదా వేసింది. పొడి మానేసి మాత్రలు వేసుకుంటే దిగుతుందట, కానీ మళ్ళీ మొదటి నుంచి, నెలల తరబడి. మీ బావ ఆ రోజు నుంచీ నా మొహం చూడలేక అంట్లు తోముతున్నాడు. తోమనీ.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇంకో సంగతి నీకు ఒక్కదానికే చెబుతున్నాను, మీ బావకి చెప్పకు. మళ్ళీ మొదటి నుంచి అనే మాట విని నాలో ఏదో కూలిపోయింది. మొన్న షాపుకి వెళ్ళేసరికి టేపు తీసేశారు. నా కుర్చీలో కొత్తమ్మాయి కూర్చుంది, కాజాలు చక్కగా కుడుతోంది. ఇంటికొచ్చి కాఫీ కలుపుకుని తాగాను. ఎంత బాగుందో. ఆ రోజు నుంచి మాత్రలు వేసుకోవడం లేదు. కాబేజీ బుట్టలోనే కుళ్ళిపోతోంది. గుండె గంతులేస్తోంది, వెయ్యనీ. నా ఒక్కదాని కోసం రోజుకి ఇన్నిసార్లు చప్పిడి వండి, తిని, గిన్నెలు కడిగే ఓపిక నాకు లేదు. చేతులు నిలబడినా ఎక్కడ పెట్టుకోవాలి వాటిని?

కోప్పడకు. జవాబు మాత్రం రాయి.

నీ అక్క

* * *

ప్రియమైన అక్కకి,

సిగ్గుపడి రాయడం మానేశానని అనుకుంటున్నావు. సిగ్గు ఉంది, కానీ అందుకు కాదు.

ఆ రోజు నర్సు నీ సంగతంతా విని, నీళ్ళు తాగమని నాకు గ్లాసు ఇచ్చింది. నేను తాగుతుంటే నా గొంతు వైపే చూసింది. తర్వాత నా వెనక నిలబడి మెడ తడిమింది, చేతులు చాపమంది. నా వేళ్ళ మీద కాగితం పెడితే అది ఆడింది. "మీ అక్క సంగతి సరే, నీ సంగతేంటమ్మా?" అంది. ఆస్పత్రికి పంపింది. నీకున్నదే నాకూ ఉంది. నా అంకెలు నీ వాటికన్నా ఎక్కువ. అక్కాచెల్లెళ్ళలో వస్తుందట, పైగా మూడు పూటలా నేను పోసుకున్న మేత.

నీకు చెప్పకూడదనుకున్నాను. నీ ప్రాణమే నీకు బరువుగా ఉంది, నాది కూడా ఎందుకు నెత్తిన పెట్టడమని. నీ ఉత్తరం చదివాక ఇక దాచలేకపోతున్నాను. నువ్వు మాత్రలు మానేశావంటే నాకు కోపం రాలేదు, భయం వేసింది. చిన్నప్పటి నుంచీ ఏదైనా ముందు నీకు వస్తుంది, తర్వాత నాకు వస్తుంది, నువ్వు ఎలా దాటావో చూసి నేను దాటతాను. ఇప్పుడు నువ్వే దారిలో కూర్చుంటే నేనేం చెయ్యను?

యార్డు వంటింట్లో ప్రతి గిన్నెలో నాచే. ఏం తినాలో తెలియక నిన్నంతా ఉత్త బ్రెడ్డు తిన్నాను, అందులో ఉప్పుందని తర్వాత గుర్తొచ్చింది. నాకు కాబేజీ ఉడకబెట్టడం కూడా చేతకాదు. నర్సు ఇంట్లో ఎవరున్నారని అడిగింది. అక్క ఉందని చెప్పాను. ఉన్నావు కదా?

నీ చెల్లి

* * *

పొట్టీ,

ఉత్తరం చదివి ముందు మాత్ర వేసుకున్నాను, తర్వాత ఏడ్చాను. మీ బావకి అన్నీ చెప్పేశాను, మాత్రలు మానేసిన సంగతి కూడా. వెంటనే నన్ను డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాడు. చెడామడా తిట్టించుకుని వచ్చాను. నేను తిన్న తిట్లు నీకు కూడా సరిపోతాయి, నువ్వు మాత్రం ఒక్క మాత్ర కూడా మానొద్దు.

మేస్త్రీ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా బయల్దేరు. ఆస్పత్రి కాగితాలన్నీ తెచ్చుకో. దారిలో అరటిపండు తప్ప ఏదీ ముట్టకు, ఎంత ఆకలేసినా. బస్సు దగ్గరికి మీ బావ వస్తాడు. రెండు వీధుల అవతల ఒక ముసలాయన కొట్లో అయోడిన్ లేని ఉప్పు దొరికింది, ఇవాళ నడిచి వెళ్ళి తెచ్చాను. మధ్యలో రెండుచోట్ల కూర్చున్నాను, అయినా తెచ్చాను. షాపు సంగతి తర్వాత చూద్దాం, ఇస్త్రీ బల్ల ఎక్కడికీ పోదు.

నా గది కిటికీ పక్కన నీ పక్క వేశాను. ఇద్దరికీ ఉక్కే కాబట్టి మీ బావ ముందు గదిలో పడుకుంటానన్నాడు. నా ఒక్కదానికి వండుకోవడం నా వల్ల కాలేదు, నిజం. నీకు పెట్టాలంటే వండగలను. నీతోపాటు నేనూ తింటాను. తొందరగా రా.

ఉన్నాను,
నీ అక్క