వందన అడిగిన సముద్రం

బాన్సువాడ

ప్రసన్న మేడం గారికి,

మొన్న మీరు మా ఇంటికొచ్చి మా వందనను "నీ కోరికేంటమ్మా?" అని అడగగానే మా అత్త మిమ్మల్ని బయటికి పొమ్మంది. మనసులో పెట్టుకోకండి. మా వైపు ఆ మాట, ఇక దక్కడనుకున్న మనిషినే అడుగుతారు. మా మామనూ అలాగే అడిగి జున్ను తినిపించారు, మర్నాడే పోయాడు. మా వందనలా క్యాన్సర్ నుంచి కోలుకుంటున్న పిల్లల కోరికలు కూడా మీ సంస్థ తీరుస్తుందని చెప్పినా ఆమె వినలేదు.

మీరు వెళ్ళాక వందన అన్నం ముట్టలేదు. "సముద్రం సూసి పడవ ఎక్కుదామనుకున్న. నిజాంసాగర్ డ్యాం తప్ప నేనేం సూసిన అవ్వా?" అని వాళ్ళ నానమ్మ దగ్గర ఏడ్చింది.

అత్త దాని కళ్ళు తుడిచింది. తర్వాత నన్ను పిలిచి, "గా మేడంకు రాయి. పిల్లకు సముద్రం సూపియ్యుమను. పడవ మాత్రం ఎక్కియ్యొద్దను. కోరిక జరంత మిగలాలె. గది తీరేదాంక పిల్ల ఉండాలె గదా" అన్నది.

డాక్టరు ప్రయాణం చేయవచ్చన్నాడు. అత్త కూడా వస్తానంటోంది. అక్కడ వందన పడవ ఎక్కుతానని మారాం చేస్తే, వచ్చే ఏడు ఎక్కిస్తామని చెప్పండి, మేడం. మేం చెబితే నమ్మదు.

వందన అమ్మ