తుండుగుడ్డ కింద చెప్పిన అంకెలు

నాయనా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. ఇవాళ జార్జి టౌన్‌లో మన మిరపకాయల మండీ తెరవగానే కంప్యూటరు బాగుచేసే మురుగన్ వచ్చాడు.

ధరల ఫైలుకు నువ్వు పెట్టిన తాళం అంకెలు నాకొక్కదానికే తెలుసు. ఆసుపత్రిలో మాట పడిపోయాక, మండీ బేరంలో ధర పక్కవాళ్ళకు తెలియకుండా చెప్పినట్టే తుండుగుడ్డ కింద నా వేళ్ళు పట్టుకుని చెప్పావు. పక్కనే కూర్చున్న అమ్మకు కూడా తెలియలేదు.

ఇవాళ అవి కొట్టి ఫైలు తెరిచాను. మెషిను మాటిమాటికీ ఆగిపోతోందని మురుగన్ మెమరీలో ఉన్నదంతా తెర మీదికి తెచ్చాడు. అర్థంకాని గుర్తుల మధ్య నీ అంకెలు వరసగా, బట్టబయలుగా ఉన్నాయి. కొక్కేనికున్న నీ తుండు లాగి తెర మీద కప్పేశాను.

"కప్పితే ఏం లాభం అక్కా, లోపల అట్నే ఉండాది. డిస్కులో ఉన్నంతసేపే తాళం. తెరిస్తే మెమరీలో అంతా విప్పి పెట్టినట్టే. ఆఫ్ చేస్తేనే పోతాది," అన్నాడు.

ఒక చేత్తో ఆఫ్ చేశాను. తుండు వెనక వెలుగు ఆరిపోయింది. తుండు కప్పిన రెండో చెయ్యి దాని కిందే ఉండిపోయింది, నువ్వు వేళ్ళు పట్టుకుంటావేమో అన్నట్టు.