ఇసుక రంగు చిమ్మటలు

తిరుపతి,
మార్చి మొదటివారం

ప్రియమైన వదినకు ఫేబీ వందనాలు.

ఫోనులో నా గొంతు వింటే బెన్హర్ అన్నే మాట్లాడినట్టుందని పెట్టేశావు కదా, అందుకే ఉత్తరం.

నేను పరిశోధన చేస్తున్న ఇసుక రంగు చిమ్మట గురించి నీకు చెప్పే ఉన్నాను. గోరంత ఉంటుంది. దాని గొంగళిపురుగు సముద్రపొడ్డున పాకే ఊదాపూల తీగను తప్ప ఇంకేదీ ముట్టదు. ఎదిగాక ఆ తీగ కిందే ఇసుకలోకి దూరి నిద్రపోతుంది, రెక్కలొచ్చాక పైకొస్తుంది. రొయ్యల గుంటలు తవ్వేసరికి తీగంతా పోయింది. విడవలూరు వైపు ఇక మన సమాధుల తోటలోనే మిగిలింది. అందులోనూ అన్న సమాధి మీదే గుబురుగా ఉంది. ఈస్టరుకి అందరూ తీగ పీకి సున్నం కొడతారు. ఈ ఒక్క ఏడాదికి అన్న సమాధి మీది తీగను వదిలేస్తావా?

నీ ఆడపడుచు,
ఫేబీ

*

ప్రియమైన ఫేబీకి మీ వదిన నవోమి రాసేది.

అడగడానికి నీకు నోరెలా వచ్చిందా అని రెండు రోజులు కోపంగానే ఉన్నాను. మీ అన్న పోయాక ఇదే మొదటి ఈస్టరు. తెల్లవారకముందే సంఘమంతా సమాధుల దగ్గర చేరుతుంది. అన్నీ తెల్లగా ఉండి ఆయనది ఒక్కటే తీగపట్టి ఉంటే, పెళ్ళానికి కలుపు తీసే ఓపిక కూడా లేదంటారు. వాళ్ళు అనకపోయినా నేను తట్టుకోలేను. ఇస్త్రీ లేని చొక్కాతో ఆయన ఏనాడూ చర్చికి వెళ్ళలేదు.

అయినా నిన్న సాయంత్రం వెళ్ళి చూశాను. నీ పురుగులు బాగానే మేస్తున్నాయి. మొహాలు మాత్రం ఏమంత అందంగా లేవు. తీగ తీసేస్తాను ఫేబీ, ఏమనుకోకు.

మీ వదిన

*

ప్రియమైన వదినా,

అన్న సమాధిని నా పరిశోధన స్థలంలా చూశాను. సిగ్గేసింది. నువ్వు తీసెయ్యి. పండగనాటికి పురుగులు ఇసుకలోకి దిగి ఉంటాయి. తీగ పైపైన కోసి వేరు వదిలెయ్యి. పార వెయ్యకు, సున్నం ఇసుక మీద ఒలకనివ్వకు. ఇక వాటికొచ్చే ప్రమాదమేమీ లేదు. పరీక్షల పని వల్ల నేను రాలేను. నా తరఫున కూడా అక్కడ నిలబడు.

ప్రేమతో ఫేబీ

*

ప్రియమైన ఫేబీకి,

పార గురించి రాశావు, సున్నం గురించి రాశావు. చిన్నప్పటినుంచీ నీ చేత్తో వెలిగించిన కొవ్వొత్తుల మాటే మరిచిపోయావు తల్లీ.

నువ్వు చెప్పినట్టే చేశాను. సమాధి చూసి అందరూ మెచ్చుకున్నారు. తెల్లవారుజామున పాట ఎత్తుకునేసరికి ప్రతి సమాధి మీదా కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. అప్పుడే ఇసుకలోంచి నీ చిమ్మటలు పైకొచ్చాయి. రెక్కలు ఆరీ ఆరకముందే మీ అన్న దీపం చుట్టూ మూగాయి. చూస్తుండగానే రెండు కాలిపోయాయి. ఇంకోటి మంట మీదికి వెళ్తుంటే దీపం ఊదేశాను.

పాట ఆగిపోయింది. సంఘపెద్ద జీవానందం గారు దగ్గరికొచ్చి, "ఏందమ్మా, ఈ పొద్దు దీపం ఆర్పినావే?" అన్నారు.

"సమాధిలోంచి లేచి వస్తుండాయయ్యా. కాలిపోతుంటే ఎట్ట చూసేది?" అన్నాను.

ఆయన వంగి చూశారు. వెళ్ళి తన భార్య సమాధి మీద కొవ్వొత్తి ఆర్పేశారు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ ఆర్పారు. మిగిలిన పాట చీకట్లోనే పాడాం. మీ అన్నను అక్కడ పెట్టాక, ఆ సమాధి దగ్గర నాకు సంతోషమనిపించింది ఆ పొద్దే.

తీగ మళ్ళీ చిగురేసింది. ఇక దాన్ని నేను కొయ్యను, ఎవర్నీ కొయ్యనివ్వను.

మీ వదిన,
నవోమి